వాక్యారంభమున కామా
(బమ్రోలి తెలుగు కుటుంబముల సభకై సిద్ధపఱచిన ప్రసంగపాఠము)



తెలుగువారు సభ చేసికొనినప్పుడు కావ్యములను గూర్చియో నాటకములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. కామావంటి గోరంత గుర్తును గూర్చి ఒక సాయంకాలము వెచ్చించుట కొందఱికి విడ్డూరముగా తోచవచ్చును. అయినను ఆ గోరంత గుర్తు లోపించుటవలన కొండంత చిక్కు వచ్చు తావు ఒకటి కలదు. ముందుగా దానిని చూపుట మేలు.

ఒక తండ్రి వీలునామా వ్రాయుచున్నాడనుకొనుడు. ఆయనకు ఇద్దఱు కుమార్తెలు. పెద్దామె పెండ్లియై అత్తవారింట నున్నది. చిన్నామెకు ఇంకను వివాహము కాలేదు. ఉద్యోగకాలమున కూడబెట్టిన సొమ్ముతో కట్టించిన యిల్లు తన తరువాత చిన్నామెకు దక్కవలెనని తండ్రి కోరిక. ఆయన కాగితముపై ఇట్లు వ్రాసెను: “నా మరణానంతరము వివాహము చేసికొనని కుమార్తెకు ఈ యిల్లు చెందవలెను.”

తండ్రి మనసులో “మరణానంతరము” అనునది “చెందవలెను” అను క్రియకు సంబంధించిన మాట. కాని చదువువాడు ఆ క్రియదాక పోవుటకు ముందే దారిలో “చేసికొనని” అను మఱియొక క్రియ ఎదురగుచున్నది. దానితోనే అన్వయించినచో అర్థము తలక్రిందులగును. తండ్రి పోయిన పిమ్మట ఏ కుమార్తె పెండ్లి చేసికొనక యుండునో ఆమెకే యిల్లు అని తేలును. చిన్నామెకు మఱుసటి సంవత్సరము సంబంధము కుదిరినచో ఆమె యింటిని విడిచిపెట్టవలెనా? అక్కగారి తరఫువారు అట్లే వాదింపవచ్చును. వారిని తప్పుపట్టుటకు వాక్యములో ఆధారమేమియు లేదు. “నా మరణానంతరము” అని వ్రాసి, అచట ఒక కామా వేసి, తరువాత “వివాహము చేసికొనని కుమార్తెకు” అని వ్రాసియుండినచో చదువరి చూపు మొదటి క్రియపై నిలువక చివరి క్రియదాక సాగియుండెడిది.

ఈ విషయము బమ్రోలి వంటి తావున నున్న తెలుగువారికి మఱింత అవసరము. 2011 జనాభా లెక్కలలో 44 లక్షలకు మించిన సూరతు నగరమున, దక్షిణపు దిక్కున, పాండేసరా ఉధనాలకు చేరువగా ఈ బమ్రోలి యున్నది. ఈ ప్రాంతమంతయు మగ్గములకును, అద్దకపు కార్ఖానాలకును పేరుపొందినది. సాంచాల పనికై తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు సూరతులో తరములుగా స్థిరపడియున్నవి. సూరతు నగరపాలక సంస్థవారి ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోబాటు తెలుగు మాధ్యమమునకును చోటు దొరకినది. దేశములో తెలుగునాటికి వెలుపల ఇట్టి ఏర్పాటు గల నగరములు అరుదు.

కేంద్రప్రభుత్వోద్యోగముపై వచ్చిన తెలుగు కుటుంబము సంగతి వేఱు. కార్యాలయమున నోటు ఇంగ్లీషులోనో హిందీలోనో వ్రాయవలెను. 1976 నాటి రాజభాషా నియమముల ప్రకారము గుజరాతు రెండవ మండలమున జేరుటచేత, హిందీ ఉత్తరప్రత్యుత్తరములును తప్పవు. వీధిలోని బోర్డులు గుజరాతీ. తెలుగు మిగిలినది ఇంటిలో మాటలకును, ఊరికి వ్రాయు లేఖలకును మాత్రమే. అందుచేత గుర్తులును కలగాపులగమగును. హిందీలో వాక్యాంతమున నిలువుగీత. గుజరాతీలో ఇంగ్లీషువలెనే చుక్క. కామాను ఆ రెండు భాషలవారును అల్పవిరామమనియే యందురు. ఇంగ్లీషు డ్రాఫ్టులు దిద్ది దిద్ది అలవాటైన చేయి తెలుగు లేఖలోను ఇంగ్లీషు పద్ధతిలోనే కామాలు చల్లును. లేదా అసలే వేయక విడిచిపెట్టును. ఈ రెండును చిక్కులే.

ఇంగ్లీషు వ్యాకరణములు చెప్పు సూత్రము తెలిసినదే. ప్రధానవాక్యమునకు ముందు ఒక ఉపవాక్యముగాని, పొడవైన పదబంధముగాని వచ్చినచో దాని తరువాత కామా ఉంచవలెను, పొట్టిమాటయైనచో మానవచ్చును. ఆ భాషకు ఈ సూత్రము ఏల కావలసివచ్చెను? ఇంగ్లీషులో “ఎప్పుడు”, “అయినచో” అను అర్థముగల మాట ఉపవాక్యమునకు తల వద్ద నుండును. తోక వద్ద ఏ గుర్తును ఉండదు. ఉపవాక్యము ఎచట ముగిసినదో, అసలు సంగతి ఎచట మొదలైనదో చెప్పుటకు కామా సరిహద్దు రాయివలె నిలుచును.

తెలుగులో ఆ సరిహద్దు రాయి క్రియలోనే యున్నది. “బండి వచ్చినప్పుడు ప్రయాణికులు లేచిరి.” ఇచట “అప్పుడు” అను తోకయే ఉపవాక్యము ముగిసినదని చాటుచున్నది. “వాన కురియుటచేత పని ఆగినది.” “సెలవు దొరకినను ఊరికి పోలేదు.” ఈ వాక్యములలో కామా లేకున్నను ఎవ్వరును తడబడరు. వేసినచో తప్పు లేదు. పొడవైన వాక్యములో ఊపిరికై వేయవచ్చును. కాని ఇంగ్లీషు సూత్రమును తెచ్చి “వచ్చినప్పుడు”, “కాబట్టి”, “అయినను” అనువాని వెనుకనెల్ల కామా తప్పనిసరి యనుట ఇతరుల చెప్పులలో కాలు దూర్చుటయే.

తెలుగు వాక్యమునకు అసలు చిక్కు మఱియొకచోట నున్నది. క్రియ వాక్యపు చివర వచ్చును. విశేషణముగా వచ్చు వాక్యభాగమంతయు నామమునకు ముందే యుండును. “నిన్న వచ్చిన”, “ఇల్లు కట్టించిన”, “పెండ్లి కాని” మొదలగు మాటలు ఇట్టివి. కావున వాక్యారంభమున కాలమునో స్థలమునో తెలుపు పదబంధము పెట్టినచో దానికిని దాని క్రియకును నడుమ మఱియొక క్రియ తలదూర్చును. ఆరంభపదము ఆ నడిమి క్రియను పట్టుకొనునో, చివరి క్రియకై వేచియుండునో తెలియదు.

పూర్వపు శాస్త్రకారులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడింటిని చెప్పిరి. “మరణానంతరము” అనగానే “ఏమి జరుగును?” అను ప్రశ్న పుట్టుట ఆకాంక్ష. దానికి అర్థముచేత సరిపోవు క్రియ ఉండుట యోగ్యత. ఆ రెండును దగ్గఱగా నుండుట సన్నిధి. వీలునామాలోని వాక్యమున రెండు క్రియలకును యోగ్యత కలదు. పెండ్లియు తండ్రి మరణానంతరము జరుగవచ్చును, ఇల్లును అప్పుడే చెందవచ్చును. ఇక తీర్పు చెప్పవలసినది సన్నిధి. అది సమీపమున నున్న తప్పు క్రియకే ఓటు వేయును. కామా పని ఈ సన్నిధిని త్రెంచుటయే. ఆరంభపదము ప్రక్కన కామా ఉన్నచో “నా క్రియ ఇది కాదు, ముందున్నది” అని ఆ పదమే చెప్పినట్లగును.

దేహళీదీపన్యాయమని యొకటి కలదు. గడపమీద పెట్టిన దీపము లోపలి గదికిని, వెలుపలి వసారాకును వెలుగునిచ్చును. కవి యట్టి పదమును బుద్ధిపూర్వకముగా గడపమీద పెట్టి రెండర్థములు పలికించినచో అది అలంకారము. సెలవు అర్జీలో ఆ పని జరిగినచో దానిని అలంకారమని ఏ అధికారియు మెచ్చుకొనడు.

దీపావళికి సూరతు మగ్గములు ఆగి, కార్మికులు ఊళ్ళకు పోవుట ఏటేట జరుగునదే. ఆ దినములలో ఇక్కడనుండి ఊరికి ఒకరు ఇట్లు వ్రాసిరనుకొనుడు: “దీపావళి తరువాత పని విడిచిన తమ్ముడు ఇంటికి వచ్చును.” తమ్ముడు పని విడిచినది దీపావళి తరువాతనా? లేక పని ముందే విడిచి, దీపావళి తరువాత ఇంటికి వచ్చునా? అచట ఎదురుచూచు తల్లికి ఇది వ్యాకరణచర్చ కాదు. కొడుకు పనిలేక ఎన్ని దినములనుండి పరాయి ఊర నున్నాడో ఆ కామానుబట్టియే తెలియవలెను. “దీపావళి తరువాత, పని విడిచిన తమ్ముడు ఇంటికి వచ్చును” అనినచో రాకయే దీపావళి తరువాతిది. పని విడిచినది ఎప్పుడో వేఱుగా చెప్పవలెను.

కార్యాలయమునకు సంబంధించిన మచ్చు ఒకటి: “2019వ సంవత్సరమున ఖాళీ చేసిన నివాసమునకు అద్దె చెల్లింపబడినది.” ఖాళీ చేసినది 2019లోనా, అద్దె చెల్లించినది 2019లోనా? లెక్కలు తనిఖీ చేయువాడు ఈ ప్రశ్న వేయక మానడు. ఫైలు రెండు మాసములు వెనుకకు పోవుటకు ఇంతకన్న కారణము అక్కఱలేదు.

ఇచట ఒక విశేషము. ఇంగ్లీషులో కర్తకును క్రియకును నడుమ ఒంటికామా వేయుట తప్పు. తెలుగులో కొన్నిచోట్ల అది మేలు. “అధికారి అర్జీ పెట్టిన గుమాస్తాను పిలిపించెను.” అర్జీ పెట్టినది ఎవరు? గుమాస్తాయే యని లోకజ్ఞానము చెప్పును గాని, వాక్యము చెప్పుట లేదు. “అధికారి, అర్జీ పెట్టిన గుమాస్తాను పిలిపించెను” అనినచో సందేహము తీఱును. నడుమ వేఱు క్రియ లేనప్పుడు మాత్రము కర్త వెనుక కామా వృథా. “అధికారి, గుమాస్తాను పిలిపించెను” అని వ్రాయువారు ఇంగ్లీషునైనను, తెలుగునైనను అనుసరించుట లేదు.

ఇంతటి అవసరమే యుండినచో మన పూర్వులు కామా లేక ఎట్లు నెట్టుకొనివచ్చిరి? ఈ ప్రశ్న న్యాయమైనదే. కడప జిల్లా కలమళ్ళలో దొరకిన, క్రీ.శ. 575 ప్రాంతపు ధనంజయుని శాసనమును చూచినను, తరువాతి తాళపత్రములను చూచినను ఇప్పటి కామా కనబడదు. పదమునకును పదమునకును నడుమ ఖాళీ విడుచుట కూడ లేదు. పద్యము ముగిసిన తావున ఒంటిగీతయో జంటగీతయో యుండును, అంతియే. కామా రూపము ఐరోపాలో 15వ శతాబ్ది చివర వెనీసు నగరమందలి ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్ చేతిలో నేటివలె కుదిరినది. పేరు గ్రీకు మాట. “తెగిన ముక్క” అని అర్థము. తెలుగు కొమ్మతో దానికి చుట్టఱికము లేదు. తెలుగులోనికి అచ్చుతోబాటు వచ్చినది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణములో సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు పది పరిచ్ఛేదములున్నవి. విరామచిహ్నములకు పరిచ్ఛేదము లేదు.

లేకపోవుటకు కారణము సూరిగారి ఏమఱుపాటు కాదు. ప్రాచీనభాషలో ఆ పనిని చాలవఱకు సంధి చేసెడిది. ఇది ఈనాటి పాఠకులు మఱచిపోయిన సంగతి గనుక కొంచెము నిలిచి చూడవలెను.

“పిలిచిన తమ్ముడు వచ్చును.” ఈ వాక్యమునకు రెండర్థములు. పిలువబడిన తమ్ముడు వచ్చునని యొకటి. పిలిచినచో తమ్ముడు వచ్చునని యింకొకటి. మొదటి “పిలిచిన” విశేషణము. రెండవది చేదర్థకము, అనగా “అట్లు జరిగినచో” అను అర్థముగల అసమాపకక్రియ. వ్రాతలో రెండును ఒక్కటే. కాని పూర్వులకు ఒక్కటి కాదు. చేదర్థకము చివర ద్రుతము, అనగా నకారము కలదు. దాని నిజరూపము “పిలిచినన్”. విశేషణమునకు ద్రుతము లేదు, అది కళ. ద్రుతముమీది క చ ట త పలు గ జ డ ద బలుగా మాఱును. అందుచేత షరతు చెప్పువాడు “పిలిచినఁ దమ్ముడు వచ్చును” అని వ్రాసెను. విశేషణము చెప్పువాడు “పిలిచిన తమ్ముడు వచ్చును” అని వ్రాసెను. “చేసిన కార్యము ఫలించును” అనినచో జరిగిపోయిన పనికి ఫలమున్నదని. “చేసినఁ గార్యము ఫలించును” అనినచో పూనుకొనినచో పని నెఱవేఱునని. ఒక అరసున్న, ఒక అక్షరపు మార్పు; చెవికిని తెలియును, కంటికిని తెలియును. ఉపవాక్యము ముగిసి ప్రధానవాక్యము మొదలగు గడపను ఆ అరసున్న కాపాడెడిది.

క్త్వార్థకమునకును అట్టి ఏర్పాటే కలదు. “వచ్చి”, “చూచి” మొదలగువాని చివరి ఇకారమునకు సంధి లేదని వ్యాకరణము శాసించినది. “వచ్చి” తరువాత “ఇచ్చెను” వచ్చినను అచ్చులు కలిసిపోవు. నడుమ యకారము నిలుచును. ఉపక్రియ ముగిసిన తావు చెరిగిపోకుండుటకు ఇది చక్కని ఏర్పాటు. పదములోను సమాసములోను సంధి తప్పదనియు, వాక్యములో అది వక్త తలంపుపై ఆధారపడుననియు సంస్కృతవైయాకరణులు చెప్పుట కూడ ఇట్టిదే. వక్త ఎచట ఆగదలచెనో అచట సంధి మానును. సంధి లేకుండుటయే నాటి కామా.

తరువాత అరసున్న అచ్చునుండి జారిపోయినది. సరళాదేశమును వ్రాయుట మానిరి. ఇందుకు విచారించి లాభము లేదు; భాష తన దారిని పోవును. కాని కాపలావానిని తొలగించినప్పుడు ఆ గడపకు వేఱొక కాపలా కావలెను గదా! ఆ కొలువులోనికి వచ్చినది కామా. గ్రాంథికచ్ఛాయగల వాక్యమున అరసున్న లేక “వ్రాసిన లేఖకు బదులు వచ్చును” అని వ్రాయువారు, తమ భావము “వ్రాసినచో” అయినప్పుడు, “వ్రాసిన, లేఖకు బదులు వచ్చును” అని కామా వేయక తప్పదు. వేయుట ఇష్టము లేనివారు “వ్రాసినచో” అనవచ్చును. వ్యావహారికమున వ్రాయువారికి ఈ బెడద లేదు. “వ్రాస్తే” వేఱు, “వ్రాసిన” వేఱు. గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమువారు చెప్పిన ప్రయోజనములలో దీనిని లెక్కించిరో లేదో గాని, ఇదియు వాడుకభాషకు ఒక ప్లస్సే.

ఇతర భాషలలోను ఈ గుర్తు చుట్టు పెద్ద కథలే జరిగినవి. సూరతులో నున్న ప్రతి పిల్లవానికిని హిందీలోని “రోకో మత్ జానే దో” అను మాట తెలియును. “రోకో” వెనుక కామా పెట్టినచో “ఆపుము, పోనీయకుము”. “మత్” వెనుక పెట్టినచో “ఆపకుము, పోనిమ్ము”. తెలుగులో వ్యతిరేకార్థము క్రియలోనే కలిసియుండుటచేత ఈ ప్రమాదము రాదు. “ఆపకుము” అనుదానిని ఏ కామాయు “ఆపుము”గా మార్చజాలదు. ప్రతి భాషకును తన గండి తనకే యుండును.

ఐర్లండు స్వాతంత్ర్యయోధుడు రోజర్ కేస్‌మెంటును గూర్చి “కామా ఉరితీసినది” అని లోకమున చెప్పుకొందురు. 1916లో లండనులో ఆయనపై రాజద్రోహపు విచారణ జరిగినది. ఆరోపింపబడిన పనులు జర్మనీలో జరిగినవి. విచారణకు ఆధారము నార్మను ఫ్రెంచిభాషలో వ్రాసిన 1351 నాటి శాసనము. రాజ్యములో రాజుయొక్క శత్రువులతో చేరుటను, వారికి రాజ్యములోగాని మఱియెచటగాని తోడ్పడుటను అది ద్రోహమనెను. “మఱియెచటగాని” అను మాట తోడ్పాటుకు మాత్రమే చెందునా, శత్రువులతో చేరుటకు కూడ చెందునా? మొదటిదైనచో ఆయన తప్పించుకొనును. రెండవదైనచో ఉరి. పాతకాలపు ఆ పత్రమున విరామపు గుర్తు ఉన్నదా లేదా యని న్యాయమూర్తులు మూలమును పరిశీలించి చూచిరి. తుదకు రెండవ అర్థమే నిలిచినది. 1916 ఆగస్టు 3న ఆయనను ఉరితీసిరి. కామా ఒక్కటే కారణమనుట అతిశయోక్తియే కావచ్చును; కాని పదబంధము ఏ క్రియను పట్టుకొనవలెనన్న ప్రశ్నపై ప్రాణము వ్రేలాడుట మాత్రము నిజము.

మన దేశమున 1979లో మహమ్మద్ షబ్బీర్ కేసులో సుప్రీంకోర్టు ఔషధముల చట్టములోని 27వ సెక్షనును పరిశీలించినది. అందులో “నిలువయుంచుట” అను అర్థముగల ఇంగ్లీషు మాట వెనుక కామా లేదు. “లేక అమ్మకమునకై ప్రదర్శించుట” అని సాగిపోవును. కామా లేనందున “అమ్మకమునకై” అనునది నిలువకును వర్తించుననియు, కేవలము దగ్గఱ నుంచుకొనుట ఆ సెక్షను క్రింద నేరము కాదనియు కోర్టు చెప్పినది. దానికి ముందే, 1952లో, అశ్వినీకుమార్ ఘోష్ కేసులో అదే కోర్టు విరామచిహ్నము చట్టమునకు అర్థము చెప్పుటలో చిన్న అంశమేయనియు, జాగ్రత్తగా చిహ్నములుంచిన చట్టములో సందేహము వచ్చినప్పుడు దానికి విలువ ఈయవలెననియు చెప్పియుండెను.

“చిన్న అంశమే” అను మాటను మఱువరాదు. కామా ఈగ పడినంత చుక్క. నకలు తీయువాడు వదలివేయును, జెరాక్సులో మాసిపోవును. వీలునామావంటి పత్రమున దానిమీదనే భారమంతయు వేయుట వివేకము కాదు. అంతకన్న మేలైన ఉపాయము తెలుగు వాక్యమునకే కలదు. పదబంధమును తెచ్చి దాని క్రియ ప్రక్కన కూర్చుండబెట్టుట. “వివాహము చేసికొనని కుమార్తెకు నా మరణానంతరము ఈ యిల్లు చెందవలెను.” ఇపుడు కామా ఉన్నను లేకున్నను “మరణానంతరము” వెనుదిరిగి పెండ్లిని పట్టుకొనజాలదు. కుమార్తె పేరు వ్రాసినచో ఇంకను మేలు. పదములను మార్చుటకు వీలు లేనప్పుడు, లేక ఆరంభపదముపైననే ఊనిక కావలసినప్పుడు, కామాను ఆశ్రయింపవలెను. లేఖలలోను వ్యాసములలోను అట్టి సందర్భములే ఎక్కువ.

చిల్లర సంగతులు కొన్ని. క్త్వార్థకములు వరుసగా వచ్చినప్పుడు నడుమ కామాలు వేయుట బాగు: “తెల్లవాఱుజామున లేచి, స్నానమాడి, స్టేషనుకు నడచి, బండి యెక్కెను.” కాని “కూర్చుండి వ్రాసెను”, “పరుగెత్తి వచ్చెను” అనుచోట్ల వలదు, అచట రెండును ఒకే పని. “వానలు కురిసి, పంటలు పండినవి” అనుచోట కర్తలు వేఱుగావున కామా కంటికి హితము. “ఎవరు ముందు వత్తురో, వారికి చోటు దొరకును” అను జంటవాక్యములలో మొదటి భాగము వెనుక కామా సహజముగనే పడును. “కావున”, “అయితే” అను పొట్టిమాటల వెనుక వేయుటయు మానుటయు వ్రాయువాని ఇచ్ఛ. కాని ఒకే లేఖలో ఒకచోట వేసి ఒకచోట మానుట చూపఱకు చికాకు.

సంబోధన మాటకు వచ్చినచో అది పిల్లలకు మొదట నేర్పవలసినది. “నాన్న పంపిన డబ్బు అందినది” అని బడిపిల్లవాడు అమ్మమ్మకు వ్రాయును. “నాన్నా, పంపిన డబ్బు అందినది” అని హాస్టలునుండి తండ్రికే వ్రాయును. దీర్ఘమును కామాయు రెండును కలిసి పిలుపును తెలుపుచున్నవి. నేడు ఫోనులో సందేశములు టైపు చేయు పిల్లలు దీర్ఘమును విడుతురు, కామాను విడుతురు. తండ్రి తనను పిలిచిరో, తనను గూర్చి ఎవరికో చెప్పిరో తెలియక మరల ఫోను చేయవలసివచ్చును. పాతకాలపు లేఖలలో “ఉభయకుశలోపరి” అని యొక మాట యుండెడిది. క్షేమములు ముగిసినవి, ఇక అసలు సంగతి వినుడని దాని భావము. అదియే ఒక పెద్ద కామా. దానికి ముందు వ్రాసినది ఏ పెద్దయు శ్రద్ధగా చదువలేదు. దాని వెనుక వచ్చినది మాత్రము రెండుసారులు చదివెను.

ఇక ఆ వీలునామా దగ్గఱకే తిరిగి వత్తము. 1925 నాటి భారత వారసత్వచట్టము వీలునామాకు ప్రత్యేకమైన చట్టభాష అక్కఱలేదని చెప్పుచున్నది. వ్రాసినవాని ఉద్దేశము మాటలనుబట్టి తెలిసినచో చాలును. కావున తెలుగున వ్రాయుటకు అడ్డేమియు లేదు. కాని సూరతులో స్థిరపడిన తెలుగువాడు వ్రాసినదానికి ఇచటి న్యాయస్థానమున ప్రొబేటు కోరవలసివచ్చినచో, అర్జీతోబాటు అనువాదమును జతపఱుపవలెనని ఆ చట్టములోని 277వ సెక్షను చెప్పుచున్నది. ఆ భాషకు న్యాయస్థానపు అనువాదకుడు లేనిచో, ఆ భాష తెలిసిన సమర్థుడెవ్వడైనను అనువదింపవచ్చును. మూలమును చదివి సంపూర్ణముగా గ్రహించితిననియు, అనువాదము యథార్థమనియు అతడు ప్రకటించి సంతకము చేయవలెను.

బమ్రోలిలో అట్టి సమర్థుడు కావలసినచో వెదకికొని వచ్చునది ఇట్టి సభలలోని సభ్యులకొఱకే. అతని యెదుట బల్లమీద ఆ వాక్యముండును: “నా మరణానంతరము వివాహము చేసికొనని కుమార్తెకు ఈ యిల్లు చెందవలెను.” వ్రాసిన తండ్రి అడుగుటకు లేడు. ఇంగ్లీషులోనికి మార్చినచో “మరణానంతరము” అను మాటను పెండ్లి ప్రక్కననో, ఇల్లు చెందుట ప్రక్కననో, ఎచటనో ఒకచోట పెట్టక తప్పదు. గడపమీద విడిచిపోవుటకు ఆ భాష ఒప్పదు. అక్కచెల్లెండ్రు ఇద్దఱును బల్లకు ఆవలిప్రక్క కూర్చుండి అతని కలమువైపు చూచుచుందురు.